సగం తవ్విన కాలువ

"సార్, కాలువ పని మల్లా ఎప్పుడు మొదలుపెడతారు?"

ఆదోని వెళ్తున్న ఎమ్మెల్యే కారుకు అడ్డంగా నిలబడి అడిగింది ఉరుకుందమ్మ. ఆమె మూడెకరాల చేనూ ఆ కాలువకే పోయింది. సగం తవ్వేసరికి ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది. పని ఆగిపోయింది.

ఎమ్మెల్యే దిగాడు. "నీళ్లు రావాలంటే ఇంకా ఎనిమిదేండ్లు పడతాదమ్మా. నాకుండేది మూడేండ్లు. ఓట్లు వచ్చేలోపల కంటికి కనపడే పని చేయకుంటే నన్నూ దించేస్తారు. మీ ఊరికి సిమెంటు రోడ్డు ఏపిస్తా."

"చేను ఇయ్యనని మా ఆయన ఏడ్సినాడు సార్. బిడ్డ కాలానికైనా నీళ్లొస్తాయని నేనే ఒప్పిచ్చినా."

ఎమ్మెల్యే తల దించుకున్నాడు. "నేను మొదలుపెట్టినా, నా తర్వాత వచ్చేటోడు ఆపేస్తాడమ్మా."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఉరుకుందమ్మకు అర్థమైంది. తిడదామని వచ్చిన ఆమె కారు ముందునుంచి పక్కకు జరిగింది.

వెనక లారీ హారన్ మోగింది. మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయే కూలీల మధ్య ఆమె కూతురు గౌరి కూర్చుని ఉంది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల నిన్ననే బడి మానేసింది.

"రామ్మా, లారీ పోతాది" అంటూ చెయ్యి చాపింది.

"రోడ్డు ఏపీండి సార్" అంది ఉరుకుందమ్మ. "ఊరిడిసి పొయ్యేకైనా బాగుంటాది."