ఇద్దరు పట్టే నడవ

"నీ ఇంటర్‌ప్రిటర్ ఇంకా రాలేదా బాబూ?" అని ఆగస్టా అడిగింది. వెండెల్ కోసమని నిదానంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క సైగా విడదీసి మరీ అడిగింది.

"దారిలో... మంచు" అని వెండెల్ తనకొచ్చిన సైగల్లోనే జవాబిచ్చాడు. ఆవిడ భేష్ అన్నట్టు భుజం తట్టింది. నలభై దాటిన మనిషి, సాయంత్రం క్లాసులకు పోయి నేర్చుకున్న రెండు ముక్కలకు ఆ మెచ్చుకోలు చూసి సిగ్గుతో కుంచించుకుపోయాడు.

రోచెస్టర్‌లో ఫిబ్రవరి అంటే ఇంతే, ఎవరూ ఎక్కడికీ వేళకు చేరరు. కమిటీ వాళ్లు మాత్రం ముందే వచ్చి కూర్చున్నారు. వెండెల్ తయారుచేసిన హాస్టలు నమూనా బల్ల మీద ఉంది. బడి కమిటీకి పెద్ద ఆగస్టా. ఇవాళ ఆవిడ కాదంటే ఈ పని ఇంకో ఆర్కిటెక్టు చేతికి పోతుంది.

పని పోతే ఇంకోటి దొరక్కపోదు. కానీ కట్టడం పూర్తయ్యేసరికి అతని కూతురు టెస్ ఈ బడిలో చేరుతుంది. ఉండబోయేది ఈ హాస్టల్లోనే. భోజనాల దగ్గర ఆ పిల్ల ఏదో చెబుతుంది, అతనికి అందదు, మళ్లీ చెప్పమంటాడు. రెండోసారీ అందకపోతే "పోనీలే నాన్నా" అని తల దించుకుంటుంది. ఈ మధ్య అసలు మొదలుపెట్టడమే మానేసింది. తను చెప్పలేకపోయినదంతా ఈ కట్టడమైనా దానికి చెబుతుందని వెండెల్ ఆశ.

కమిటీ వాళ్లు కబుర్లలో పడ్డారు. ఒకరు ముగించకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. వెండెల్ చూపు ఒక ముఖం మీంచి ఇంకో ముఖం మీదికి పరుగెడుతోంది. ఒక ముక్క దొరికేలోపు నాలుగు జారిపోతున్నాయి. ఉన్నట్టుండి అందరూ విరగబడి నవ్వారు. ఎందుకో తెలియకపోయినా వెండెల్ కూడా నవ్వాడు.

"ఏమిటి సంగతి?" అని పక్కనున్న కమిటీ మెంబరు డ్వైట్‌ని అడిగాడు.

"ఏం లేదు. తర్వాత చెప్తాలే."

ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదని వెండెల్‌కు బాగా తెలుసు. ఒళ్లు మండింది. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

ఇంతలో బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లొరెయిన్ వచ్చిపడింది. వీళ్ల మాట అతనికీ, అతని మాట వీళ్లకీ చేరవేయడం ఆమె పని. డ్వైట్ ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి ఆమెనే అడిగాడు.

"ఈయనకు పుట్టుకతోనే ఇలాగా?"

"ఆయన్నే అడగండి" అంది లొరెయిన్.

"పుట్టుకతోనే" అన్నాడు వెండెల్.

"పాపం. కారు తనే నడుపుకుంటాడా?"

"నడుపుకొనే వచ్చాను."

"పర్లేదే, గట్టివాడే" అన్నాడు డ్వైట్. ఆగస్టా అతన్ని కళ్లతోనే మందలించి నమూనా దగ్గరికి జరిగింది. "ఈ నడవ ఇంత ఇరుకేమిటి?"

"ఇరుకెక్కడండీ. చక్రాల కుర్చీ హాయిగా వెళ్తుంది. గడప లేదు, మెట్టు లేదు. కొలతలన్నీ నిబంధనల ప్రకారమే."

"కుర్చీ వెళ్తుంది, సరే. ఇద్దరు పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ వెళ్లాలంటే?"

"ఒకరి వెనక ఒకరు వెళ్లొచ్చుగా?"

లొరెయిన్ ఆ మాట చేరవేసిందో లేదో, గదంతా నవ్వు. ఈసారి వెండెల్ నవ్వలేదు.

"ఈయన కూతురు ఇక్కడికే వస్తుందట" అన్నాడు డ్వైట్. "ఆ పిల్లతో ఎప్పుడైనా పక్కపక్కన నడిచాడో లేదో."

ఆ మాట సూటిగా తగిలింది. బజారుకెళ్తే టెస్ ఎప్పుడూ తండ్రికి ముందుండి, అతని వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడిచేది. పడతావే, సరిగ్గా నడువు అని ఎన్నిసార్లు కసిరాడో. ఆ నడక తనతో మాట్లాడటానికేనని ఇన్నేళ్లకు బుర్రకెక్కింది. ఎంత మొద్దు తండ్రిని, అనుకున్నాడు.

పెన్సిల్ తీసి నమూనా పక్కనున్న పటం మీద గీతలు కొట్టేయసాగాడు.

"నడవలోని ఈ అలమరాలు తీసేస్తాను. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నడిచేంత వెడల్పు వస్తుంది. మలుపు దగ్గర గోడ తీసేసి గాజు పలక పెడతాను, ఎదురొచ్చేవాళ్లు ముందే కనపడతారు. భోజనాల గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం చీకట్లో పడుతుంది. బల్లలన్నీ తిప్పేస్తాను."

కమిటీ వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆగస్టా చెయ్యెత్తింది. ఒకరొకరుగా అందరూ ఎత్తారు. డ్వైట్ కాసేపు బెట్టుచేసి చివరికి ఎత్తాడు.

"పని నీదే" అంది ఆగస్టా.

వెండెల్ పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. లొరెయిన్ ఇంకోచోటికి వెళ్లాలని, అభినందనలు చెప్పి పరుగెత్తింది. వెండెల్ కూడా కోటు అందుకోబోతుంటే ఆగస్టా ఆపింది.

"ఒకటి మర్చిపోయావు" అని మళ్లీ నిదానంగా మొదలెట్టింది. "పిల్లల్ని చూడ్డానికి నీలాంటి తల్లులూ తండ్రులూ వస్తారుగా. వాళ్ల కోసం ఏం పెట్టావు?"

తన గురించి ఎవరైనా అడుగుతారని వెండెల్ అనుకోలేదు. సైగలు తడబడ్డాయి.

"మీ మధ్యలో... ఒక కుర్చీ. కాస్త... నిదానం. చాలు."

ఆగస్టా కమిటీ వైపు తిరిగింది.

"చూశారుగా. ఇలాంటివాళ్లనీ మనమే కలుపుకుపోవాలి. పాపం, కోరి తెచ్చుకున్న లోపం కాదు."

అందరూ జాలిగా తలలూపారు.

ఆ గదిలో చెవులు వినపడేది వెండెల్ ఒక్కడికే.