ఫోను పెట్టేశాక

తను ఫోను పెట్టేసిన మరుక్షణం ఆవిడ ఎవరికి ఫోను చేస్తోంది?

కండక్టరుకు అంతుపట్టడం లేదు. ఏదో అడగడం మరిచిపోయి వెంటనే మళ్ళీ చేస్తే, ఎప్పుడూ ఎంగేజే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టికెట్ కొననివాణ్ని ముఖం చూసి పట్టేసేవాడు. ఇక్కడ ముఖం లేదు. గొంతొక్కటే.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళను రోజూ ఎవరో ఒకరు పలకరించేలా ప్రభుత్వం కొత్త పథకం మొదలుపెట్టింది. రిటైరైన కండక్టరును ఆఫీసుకు పిలిపించి, ఆ పథకం చూసే మేడం ఒక నంబరు చేతిలో పెట్టింది.

"బట్టలు కుడతారావిడ. వెనకా ముందూ ఎవరూ లేరు. పొద్దున్నే ఓసారి పలకరించి, ఎలా ఉన్నారో మాకో మాట చెప్పండి చాలు. కనిపెట్టుకుని ఉంటున్నట్టు మాత్రం తెలియనివ్వకండి. నామోషీ పడతారు."

తన అవసరం ఇంకా ఒకరికి ఉందంటే అతను పొంగిపోయాడు. ఇల్లు ఊడ్చుకోవడానికే బద్ధకించే మనిషి, మర్నాడు నున్నగా గడ్డం గీసుకుని మరీ ఫోను చేశాడు.

మొదటి అనుమానం అప్పుడే వచ్చింది. ఒక్క రింగుకే ఎత్తింది. ఎవరని అడగలేదు.

"ఆఁ, చెప్పండి కండక్టరు గారూ!"

కాచుకుని కూర్చున్నట్టు.

ఆ తర్వాత ప్రశ్నలు. తిన్నారా అని ఇతను అడిగేలోపే ఆవిడ అడిగేది. బీపీ మాత్ర వేసుకున్నారా? పడుకునేముందు తలుపు గడియ వేస్తారా, ఊరికే చేరవేస్తారా? రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?

"నా ఇంట్లో ఏముందమ్మా దోచుకోడానికి, పాత విజిల్ తప్ప!" అన్నాడోసారి, గొంతులో నవ్వు తెచ్చిపెట్టుకుని.

ఆవిడ నవ్వలేదు.

"అయితే అది దిండు కింద పెట్టుకోండి. ఏదన్నా అయితే ఊదడానికి ఉంటుంది."

ఏదన్నా అంటే ఏమిటి? ఏం చేయబోతున్నారు? ఆ మాట రోజంతా చెవిలో మోగింది. విజిల్ మాత్రం దిండు కిందికి చేరింది.

ఓ ఉదయం మాటల మధ్య దగ్గు తెర వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆరోగ్య కేంద్రం నర్సు తలుపు తట్టింది.

"ఇటుగా వెళ్తూ వచ్చాను తాతగారూ."

అతని ఇల్లు సందు చివర. దాన్ని దాటి ఎటూ వెళ్ళే దారి లేదు. దగ్గిన సంగతి తెలిసింది ఆవిడ ఒక్కర్తికే.

పైగా ఆ మిషను చప్పుడు. మాట్లాడుతూనే టకటకా కుడుతుంటుంది. అంత చలాకీ మనిషికి ఒకరి కాపలా ఎందుకు? ఎవరో వెనకుండి ఆడిస్తున్నారు. ఇల్లూ వాకిలీ ఆరా తీయిస్తున్నారు. ఇక ఉపేక్షిస్తే లాభం లేదనుకుని ఆఫీసుకు బయల్దేరాడు.

మేడం గదిలో ఇంకెవరో ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. బయట బెంచీ మీద కూర్చున్నాడు.

ఫిర్యాదు చేస్తే ఆవిడ నంబరు తీసేస్తారు. అది అతనికి తెలుసు. రేపు పొద్దున్న గడ్డం గీసుకోవడానికి కారణం ఉండదు. అదీ తెలుసు.

నున్నటి చెంప తడుముకున్నాడు. నిజానికి ఆవిడ తన దగ్గర ఏం కాజేసింది? తిన్నావా అని అడిగినవాళ్ళను కూడా టికెట్ చూపించమనే పాడు బుద్ధి తనదేనేమో. ఒకవేళ మోసమే అయినా, ఇన్నేళ్ళలో టికెట్ లేనివాళ్ళను జాలిపడి ఎక్కించుకోలేదా? ఇంకొకర్ని ఎక్కించుకుంటే బస్సేం ఆగిపోదు.

"రైట్... రైట్..." అని గొణుక్కుంటూ లేచాడు.

అప్పుడే ఓరగా ఉన్న తలుపులోంచి, మిషను చప్పుడు లేకుండా, ఆ గొంతు వినపడింది.

"నా మాట వినండి మేడం, కనిపెట్టుకుని ఉండమని మీరు నాకు అప్పగించారే, ఆ ఒంటరి కండక్టరు గారు, ఆయన వాలకం నాకెందుకో అనుమానంగా ఉందండీ, రోజూ పొద్దున్నే ఫోను చేసి ఎలా ఉన్నారు, ఏం తిన్నారు అని నన్నే ఆరా తీస్తున్నారు!"