ఆకలి పట్టీ

“పొద్దున్నించి ఏమన్నా తింటివా, లేదా? అదొక్కటి సెప్పు సాలు,” అని కసిరాడు బ్లాకాఫీసు గుమాస్తా దామోదరం.

కూలి జయరావు చేతులు కట్టుకున్నాడు. “రెండు గుక్కలు గెంజి తాగినాను సార్. నిన్నంతా అదీ లేదు.”

“నిన్నటి సంగతి ఈ కాగితంలో లేదబ్బా.”

దామోదరం ఇంగ్లీషులో చెప్పాడు. పుత్తూరు నుంచి జీపులో వచ్చిన ఇద్దరు దొరలూ తలలూపారు. ఒకరిది గోధుమలిచ్చే సంస్థ. ఇంకొకరిది బావులు తవ్వించే సంస్థ. నాలుగేళ్ళు నాలుగు దేశాల్లో కూర్చుని మాట్లాడి, రెండు సంస్థలూ కలిసి ఒప్పుకున్న ప్రశ్న అదొక్కటే. తిననివాళ్ళకు ఆర్నెల్లు గోధుమలు. తిన్నవాళ్ళకు నమస్కారం.

జయరావు పేరు కొట్టేశారు.

అంతలో “గోవిందా!” అంటూ మునిరామయ్య వచ్చాడు. ఊళ్ళో రైసుమిల్లు ఆయనదే. తిరుపతి వెంకన్నకు మొక్కులు తీర్చే పెరటాసి నెల శనివారం కాబట్టి ఉపవాసం. మొక్కు ప్రకారం పసుపు పంచె కట్టి, నుదుటికీ చెంబుకీ నామాలు పెట్టి ఇంటింటా బియ్యం అడుక్కుంటున్నాడు.

“పొద్దున్నించి ఏమన్నా తింటివా అన్నా?”

“పచ్చి మంచినీళ్ళు ముట్టలేదప్పా.”

ఆ మాట ఇంగ్లీషులో విని, చెంబులో బియ్యం చూసి, గోధుమల దొర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బావుల దొర మునిరామయ్య చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. పట్టీలో మొదటి పేరు ఆయనది. వెనకే ఉపవాసమున్న పైవీధి మొత్తం ఎక్కింది.

“ఆయనకు మిల్లుండాది సార్!” అని అరిచాడు జయరావు.

“మిల్లు గురించి అడగమని ఈళ్ళు సెప్పలేదు. పోబ్బా.”

ఇంట్లో భార్య జ్ఞానాంబ ఉత్త కుండ బోర్లించి కూర్చుని ఉంది. జయరావు చెంబు తీశాడు. సున్నంతో దానికొక నామం గీశాడు, తన నుదుటికొకటి.

“ఏసుసామిని నమ్ముకున్నోళ్ళం. ఇదేం పని?”

“ఆయప్పా ఆకలైనోళ్ళకు రొట్టెలు పంచినోడే గదా. ఏమనుకోడులే.”

నేరుగా పోయి మునిరామయ్య ఇంటి ముందరే నిలబడి “గోవిందా!” అన్నాడు. మునిరామయ్య భార్య భారతమ్మ మనిషిని గుర్తుపట్టింది. పళ్ళు కొరికింది. కానీ ఆ శనివారం గోవిందా అన్నవాణ్ణి ఒట్టి చేతులతో పంపితే పాపం. దోసెడు బియ్యం పోసి తలుపేసుకుంది.

నాలుగిళ్ళకే చెంబు సగం నిండింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఇంకో గోవిందా. పసుపు పంచె, నుదురంతా నామం, చేతిలో చెంబు కాదు, పెద్ద తపేలా. జయరావును చూడగానే ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఈ వీధి నేను తిరిగేశాను, నువ్వు కింద వీధికి పో. ఇద్దరం ఒకే ఇంటికి పోతే బాగుండదు నాయనా,” అన్నాడు చర్చి పాస్టరు.