వీధి చివరిదాకా వినపడే పేరు

“అనసూయా!” అని వీధి చివర నుంచి పెద్ద కేక వినిపించింది.

ఇంట్లో ఉయ్యాల పక్కన కూర్చున్న నాయనమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, పెదవి విరిచింది. “తుమ్మినట్టుంది. ఇంకోటి పిలవమను.”

మనవడి భార్య కిటికీలోంచి తల బయటపెట్టి, “ఇంకోటట!” అని అరిచింది.

వీధి చివర నిలబడి కేకలేస్తున్నది ఆమె భర్త. బస్సు డ్రైవరు. ఉయ్యాలలో నిద్రపోతున్నది వాళ్ల తొలి సంతానం. సాయంత్రం మునిసిపల్ ఆఫీసు మూసేలోగా పాప పేరు రాయించి రావాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు దాటింది.

పాతకాలం పేరే పెట్టాలన్న పట్టుదల భార్యది. ఆమె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఒకసారి అద్దాలు తయారయ్యాయని ఒక పేరు పిలిస్తే నలుగురు అమ్మాయిలు ఒకేసారి లేచి నిలబడ్డారు. నలుగురివీ గులాబీరంగు ఫ్రేములే. ఒకరివి ఇంకొకరికి వెళ్లాయి. పొద్దుగూకేసరికి నలుగురు తల్లులూ దుకాణం మీదికొచ్చారు. తన కూతుర్ని పిలిస్తే తన కూతురొక్కతే పలకాలని ఆమె ఆ రోజే తీర్మానించుకుంది.

ఆ మాట చెవిన పడిన దగ్గర్నుంచి నాయనమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో! “పేర్లంటే మా అక్కలవే పేర్లు! ఆరుగురికీ ఏరి ఏరి పెట్టాడు మా నాన్న,” అంటూ వరసగా చెప్పుకుపోయింది. పైగా ఆమెదో షరతు. “కూర్చున్నచోట పేరు తేల్చేస్తారా ఎవరైనా? నోటితో పిలిచి చూడాలి. దూరానికి వినపడాలి. కోపమొస్తే తిట్టడానికీ పనికిరావాలి.”

అందుకే డ్రైవరుగారు వీధిన పడ్డాడు.

“రాజ్యలక్ష్మీ!”

ఎదురింటి మేడమీద కిటికీ ధడాలున తెరుచుకుంది. “ఆఁ, వస్తున్నా! ఎవరది?”

రిటైరైన నర్సమ్మ. ముఖం నిండా సబ్బు నురగ. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె నర్సమ్మగారే.

“మీ పేరు రాజ్యలక్ష్మా అండీ?” అని డ్రైవరు నోరెళ్లబెట్టాడు.

“పుట్టినప్పట్నుంచీ! ఇంకోసారి పిలువు నాయనా, ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో.”

అతను మళ్లీ పిలిచాడు. ఆవిడ మురిసిపోతూ మేడ దిగి, పాపను చూసే వంకతో వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

రత్నమాంబ పసిదానికి బరువైపోయింది. సుందరమ్మను తిట్టడానికి నోరు రాలేదు. చివరికి రెండు పేర్లు మిగిలాయి: అలివేలు, కనకవల్లి.

“అలివేలు! పిలుస్తుంటేనే నోరు తియ్యనవుతోంది,” అంది భార్య.

“కనకవల్లీ...!” గుమ్మంలోకి వచ్చి నిలబడి మరీ సాగదీశాడు భర్త. “చూశావా, హారన్ అక్కర్లేదు.”

“నానమ్మా, మీరే చెప్పండి.”

“అలివేలే,” అంది నాయనమ్మ తడుముకోకుండా.

అతను ఉసూరుమంటూ చెప్పులేసుకున్నాడు.

“ఆగరా! కనకవల్లిని ఎలా వదులుకుంటాం?”

“అయితే కనకవల్లే రాయిస్తా.”

“మరి అలివేలు ఏం పాపం చేసింది?”

“అసలు మీరు ఎవరి పక్షం?” భార్యకు నవ్వాగలేదు.

“రెండు పేర్ల పక్షం.”

“పోనీ రెండూ కలిపేద్దాం. అలివేలు కనకవల్లి,” అన్నాడు భర్త.

“రైలుపెట్టెలు తగిలించినట్టుంది,” అంది నర్సమ్మ.

“కలపడానికి వీల్లేదు!” నాయనమ్మ గట్టిగా తేల్చేసింది.

భార్యకు ఉన్నట్టుండి ఆలోచన తట్టింది. “ఈ గొడవంతా ఎందుకు? నానమ్మ పేరే పెడదాం. చిన్నమ్మి! ఎంత ముద్దుగా ఉందో.”

“అది మాత్రం వద్దు!”

ఆ అరుపుకు పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. భార్య మొహం చిన్నబోయింది. “ప్రేమకొద్దీ అన్నాను నానమ్మా,” అంది.

“నాకు తెలీదటే, పిచ్చిదానా!” నాయనమ్మ ఆమె బుగ్గ పుణికి, పాపను ఎత్తుకుని భుజాన వేసుకుంది. “కనకవల్లీ, ఊరుకో తల్లీ,” అంది. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. “సరే సరే. అలివేలూ, ఊరుకోవే అలివేలూ...”

పాప టక్కున ఏడుపాపి, ఎవరో పిలిచినట్టు కళ్లు విప్పార్చి చూసింది.

నర్సమ్మ చప్పట్లు కొట్టింది. భార్య సంబరంతో గిర్రున తిరిగింది. “ఒప్పుకున్నాను తల్లీ, ఒప్పుకున్నాను!” అంటూ భర్త చేతులెత్తేశాడు. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో తెలీకుండా అందరూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. అతను పరుగున గుమ్మం దాటాడు.

“ఒరేయ్,” అంది నాయనమ్మ వెనక నుంచి. “మరి కనకవల్లి?”

“ఇంకెందుకు నానమ్మా? వదిలెయ్.”

“వదలను. అది నేను తీసుకుంటా.”

ముగ్గురూ ఆమె వంక చూశారు. పాపను ఎత్తుకున్న ఆ పెద్దావిడ సిగ్గుతో ఎర్రబడిపోయింది, నవ్వు ఆపుకోలేకపోతోంది.

“నీకెందుకే?” అన్నాడు మనవడు.

“ఆరుగురి తర్వాత పుట్టినదాన్ని, చిన్నమ్మీ అంటూనే సరిపెట్టేశారు. నాకింకా ఎవరూ పేరు పెట్టలేదురా!”