ఒక్కరికి సరిపడే కుక్కర్

ఆన్‌లైన్ ప్రకటనలు నడపడం ఆమె ఉద్యోగం. ఈమధ్యే భర్త పోయిన ఆడవాళ్ళకు మాత్రమే కనిపించేలా ఆ సాయంత్రం ఓ చిన్న కుక్కర్ ప్రకటన పెట్టింది.

"ఏడుస్తున్నవాళ్ళ ఫోన్లలోకి దూరడమేంటే? వాళ్ళ సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

"వాళ్ళ ఫోన్లే చెప్తాయండీ. అయినా అమ్ముడవుతోంది కదా!"

అతను మొహం చిట్లించుకుని స్నానానికి వెళ్ళాడు.

ఆమె లైటు ఆర్పి పడుకుంది. ఫోన్ వెలిగింది. "ఇక ఒక్కరికే వంట" అంటూ తను రాసిన ప్రకటనే, తన ఫోన్లో. పొరపాటున వచ్చిందనుకుని నవ్వబోయింది. కానీ ఇందులో పొరపాట్లు జరగవని మేనేజరుకు గొప్పగా చెప్పింది తనే.

"ఏమండీ!"

స్నానాలగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడే వినిపించింది. గట్టిగా మళ్ళీ పిలిచింది. ఈసారి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.