గెలిచి రా

కందిరీగ లోపలికి రాగానే జెలిందా గోడవైపు తిరిగిపోయింది.

"ఇంకా కోపమేనా?" అని నవ్వాడతను. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇటలీలోని ఈ సియెనా ఊళ్ళో పందెపు రౌతులకు మారుపేర్లే మిగులుతాయి. "నిరుటి సంగతి నేనెప్పుడో మర్చిపోయాను."

"కొట్టినవాడివి నువ్వు. నీకెందుకు గుర్తుంటుంది?" అన్నాడు జెలిందాను కనిపెట్టుకుని ఉండే ముసలి ఓరెస్తే.

నిరుడు కాంపో చౌకులో గుర్రప్పందెం ఓడిపోయాక, ఊరు ఊరంతా చూస్తుండగా, కందిరీగ తన ఉక్రోషమంతా జెలిందా మీదే తీర్చుకున్నాడు. ఎవరూ అడ్డుపడలేదు. వీపు మీద చార ఇంకా పోలేదు.

ఊళ్ళోని పేటలన్నీ పోటీపడే ఆ పందేనికి ఈ ఏడు కొంగ పేటవాళ్ళు ఆ మనిషినే తమ రౌతుగా పెట్టుకున్నారు. ఎదురింటి ఆర్జియా కిటికీలోంచి తిట్టిపోసింది.

"సిగ్గు లేదుట్రా మీకు? ఆ పిల్లను చావబాదినవాణ్ణే తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా?"

"ఏం చెయ్యమంటావక్కా? ముంగిస పేటను ఓడించాలంటే మనకు వాడే దిక్కు," అన్నాడు ఓరెస్తే. తర్వాత జెలిందా మెడ నిమిరి, గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కసారికి ఓర్చుకో తల్లీ. మళ్ళీ ఓడితే వీధిలో తలెత్తుకోలేం."

జెలిందా చూపు మాత్రం కందిరీగ చేతిలోని కొరడా మీదే ఉంది.

చర్చిలో అతని పక్కనే నిలబడాల్సి వచ్చింది. ఫాదర్ పవిత్ర జలం చల్లి, "వెళ్ళు, గెలిచి రా!" అన్నాడు. ఆ మాట తనతోనే అన్నాడనుకుని కందిరీగ ఛాతీ విరుచుకున్నాడు.

సాయంత్రానికి చౌకు కిక్కిరిసింది. పందెం మొదలుకు గుర్తుగా అడ్డుతాడు జారిపడింది. మొదటి చుట్టులో కొంగ పేటే ముందుంది. రెండో చుట్టులోనూ అంతే. ముంగిస పేట రౌతు వెనకే తరుముకొస్తున్నాడు. ఓరెస్తే జనాన్ని తోసుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు.

ఆఖరి చుట్టు. శాన్ మార్టినో మలుపు. కందిరీగ కొరడా ఎత్తాడు.

"వద్దురా!" అని అరిచాడు ఓరెస్తే.

మరుక్షణం కందిరీగ గాల్లోకి లేచాడు. పడ్డవాళ్ళకు దెబ్బ తగలకుండా గోడకు కట్టిన పరుపులకు గుద్దుకుని, మట్టిలో బొక్కబోర్లా పడ్డాడు. కొరడా ఎటో ఎగిరిపోయింది.

"కొంగ రెక్క విరిగింది రోయ్!" అంటూ ముంగిస పేటవాళ్ళు ఈలలేశారు.

ఆ ఈలలు ఆగకముందే పందెం ముగిసిందని ఫిరంగి పేలింది. ఈ పందెంలో రౌతు ఉన్నా పడినా ముందుగా గీత దాటిన గుర్రానిదే గెలుపు; వీపు మీద ఎవరూ లేకుండా అందరికన్నా ముందు గీత దాటేసిన ఆ గుర్రం పేరు జెలిందా.