పంటి దీపం

కాకినాడలో ఇప్పుడు ఎవరింట్లో చూసినా అద్దం పక్కన ఒక పంటి దీపం వేలాడుతూ ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే చాలు, అందులోని లేజర్ పుచ్చిన చోటు వెతికి నొప్పి తెలియకుండా చెక్కేస్తుంది. పంటి నొప్పంటే ఏమిటో ఈనాటి పిల్లలకు తెలియనే తెలియదు.

హైమకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త ఫణీంద్రకు తరచూ దవడ పన్ను సలిపేది. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి, ఆ సాయంత్రాలు మాత్రం ఆమె ఒళ్లో తలపెట్టుకుని పడుకునేవాడు. ఆమె లవంగ నూనెలో దూది ముంచి అద్దుతుంటే, "చెయ్యి తియ్యకు హైమా" అని బతిమాలేవాడు. దీపం వచ్చాక అతనికి ఆమె ఒడితో పనిలేకపోయింది. నొప్పి పోయినందుకు సంతోషించాలి గానీ, ఆ తల బరువు కోసం హైమ ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంది.

ఆ ఆదివారం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆమె ఉన్నట్టుండి చెంప పట్టుకుంది.

"ఏమండీ, పన్ను సలిపేస్తోందండీ."

"దీపం పెట్టుకోలేకపోయావా?" ఫోనులోంచి తలెత్తకుండా అన్నాడు ఫణీంద్ర.

"పెట్టుకున్నాను. తగ్గలేదు."

అతను లేచి దీపం తెచ్చాడు. "ఏదీ, ఆ అను."

దాన్ని ఆమె నోరంతా తిప్పాడు. పుచ్చు తగిలితే నీలంగా వెలగాల్సిన దీపం ఒక్కచోట కూడా వెలగలేదు. హైమ కళ్లు దించుకుంది. అతను దీపాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత దాన్ని పక్కన పడేసి, ఆమె దగ్గరగా చతికిలబడ్డాడు.

"పాడు మెషీను, దీనికేం తెలుసు!" అంటూ అరచెయ్యి ఆమె చెంపకు ఆనించాడు. "ఇక్కడేనా?"

"ఇంకాస్త కింద," అంది హైమ.